ఎడమ స్పీకరు మీద ఫిర్యాదు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, చెన్నైలోని మా సంస్థ నన్ను నెల్లూరు జిల్లాకు పంపించింది. ఆఫీసు భాషలో ఆ పనిని ‘స్వతంత్ర శ్రవణ పరిశీలన’ అనేవాళ్ళం. ఖరీదైన ఆడియో సామగ్రి కొనేవాళ్ళు డీలరు మాటొక్కటే నమ్మడం ఇష్టం లేనప్పుడు మమ్మల్ని పిలుస్తారు. మేము వెళ్ళి గదిని కొలిచి, సామగ్రిని కొలిచి, విని, ఆ ఇంటికి ఏది తగినదో రాసి ఇస్తాం. ఫీజు కొనేవాళ్ళే కట్టాలి. డీలరు కారు ఎక్కకూడదు, డీలరు పెట్టిన భోజనం తినకూడదు. అప్పటికి నేను సీనియర్ అకౌస్టిక్ ఇంజనీరును. అంటే నివేదిక కింద నా సంతకం పడితే ఇంకొకరి సంతకం అక్కర్లేదు. పదవీ విరమణ దగ్గర పడుతోంది.

మమ్మల్ని పిలిచినాయన పేరు సత్తార్ గారు. నెల్లూరులో వలలు, తాళ్ళ టోకు వ్యాపారం. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వెళ్తే, రొయ్యల గుంటల మధ్య కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. హాలు పెద్దది. ఒక పక్క గోడ నిండా కిటికీలు, వాటికి సముద్రపు గాలి తిన్నగా తగులుతుంది. కట్టి ఏడాదైనా కాలేదు, అప్పుడే కిటికీ ఊచలకు తుప్పు పట్టింది. ఆ హాల్లోకి రెండు రకాల స్పీకర్లలో ఏది కొనాలో తేల్చాలి. రిబ్బనా, ప్లేనారా?

తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్తాను. మామూలు స్పీకర్లో కాగితపు గరాటు లాంటిది ముందుకీ వెనక్కీ ఊగి శబ్దం పుట్టిస్తుంది. రిబ్బన్ స్పీకర్లో సన్నటి, కీచు శబ్దాల కోసం గరాటు ఉండదు. చాక్లెట్ చుట్టే వెండికాగితం కంటే పల్చని అల్యూమినియం పట్టీ ఒకటి రెండు అయస్కాంతాల మధ్య వేలాడుతుంది. కరెంటు ఆ పట్టీలోనే పారుతుంది, ఆ పట్టీయే కదులుతుంది. వీణ తీగ మీద గోరు తగిలిన చప్పుడు కూడా అది వదిలిపెట్టదు. ప్లేనార్ చూడటానికి తలుపు రెక్కలా ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ పొర మీద సన్నని తీగలు అంటించి, ఎదురుగా అయస్కాంతాలు వరసగా పేరుస్తారు. పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. శబ్దం ముందుకూ వెనక్కూ సమానంగా పోతుంది కాబట్టి గోడకు దూరంగా నిలబెట్టాలి, బలమైన ఆంప్లిఫయరు ఇవ్వాలి. పాడే మనిషి గదిలో నిలబడినట్టు అనిపించడం దాని గొప్ప. రెండింటికీ ఉప్పుగాలి పడదు. రిబ్బనుకు మరీ పడదు. గట్టి గాలి విసిరితే పట్టీ చిరిగిపోతుంది కూడా.

గేటు దగ్గరే సత్తార్ గారు నా గుర్తింపు కార్డు అడిగి తీసుకుని, ఫోనులో ఫోటో తీసుకున్నారు. తర్వాత మా ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ పేరు గల మనిషి మీ దగ్గర పని చేస్తుందా అని కనుక్కున్నారు. నాకు కోపం రాలేదు. వృత్తిలో అనుమానించేవాళ్ళంటే నాకు గౌరవమే. లోపలికి నడుస్తూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న డీలరు గురించే.

“మురళి మీకు ముందే తెలుసా మేడం?”

ఎగ్జిబిషన్లలో చూశాను, పరిచయం లేదని చెప్పాను.

“చూసినారు కదా. అంటే తెలుసన్నమాట” అన్నారు. తర్వాత కొంచెం మెత్తబడి, “ఏమీ అనుకోబాకండి. మా వ్యాపారంలో నైలాన్ దారానికి కూడా డూప్లికేట్ వస్తాది. చుట్ట మీద లేబులు ఒకటి, లోపల సరుకు ఒకటి. వల సముద్రంలో తెగినాక తెలిసి ఏం లాభం?” అన్నారు.

మురళి చెన్నై డీలరు. రెండు జతల స్పీకర్లనూ ముందురోజే వ్యానులో తెచ్చి హాల్లో అమర్చి పెట్టాడు. మాట వేగం, చూపు నిలకడ తక్కువ. నేను నా మీటర్ల పెట్టె తెరవకముందే రిబ్బన్ జతను పొగడటం మొదలుపెట్టాడు. సముద్రం పక్కన ఇంటికి ఇంత పట్టుగా రిబ్బన్ అంటగట్టాలని చూసేవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు. అప్పుడే నాకూ అనుమానం పుట్టింది.

ముందుగా శబ్దం మట్టాలు చూశాను. రిబ్బన్ జత ప్లేనార్ కంటే రవ్వంత గట్టిగా మోగుతోంది. ఏ మనిషికైనా రెండింటిలో కాస్త గట్టిగా వినిపించేదే మేలనిపిస్తుంది. అమ్మేవాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఇది. మురళిని అడిగితే, అది స్పీకరు స్వభావం, తన చేతిలో ఏమీ లేదన్నాడు. కావచ్చు. మీటరు పెట్టి రెంటినీ సమం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా ముందు నల్లటి పల్చని గుడ్డ కట్టించాను. వినే కుర్చీ సత్తార్ గారిది. పక్కన సోఫాలో ఆయన భార్య షమీమ్ గారు కూర్చున్నారు. ఆమె ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా పని చేస్తున్నారు. నేను సత్తార్ గారి కుర్చీ వెనక నిలబడ్డాను.

ఆయనే ఎంచుకున్న గజల్ ఒకటి, వీణ ఒకటి. మొదట మోగించింది ప్లేనార్. ఆ సంగతి ఆయనకు తెలియదు. కళ్ళు మూసుకుని విని, బాగుందన్నారు. కానీ పాడే మనిషి మధ్యలో లేదు, కుడిపక్కకు జరిగి నిలబడినట్టుంది అన్నారు. నాకు మధ్యలోనే వినిపించింది. కిటికీలు ఒకే పక్కన ఉన్న గదిలో ఇలాంటివి మామూలే అనుకుని రాసుకున్నాను.

రెండో జత మోగించి కాసేపైనా కాలేదు, ఆయన లేచి నిలబడ్డారు.

“ఆపండి! ఎడం పక్కది చచ్చిపోయి ఉండాది. కుడిదాంట్లో తీగ తీగా వినపడతా ఉంటే, దీంట్లో గోనెపట్టా కప్పినట్టుండాది.”

గుడ్డ తీసేశారు. రిబ్బన్ జత అని చూడగానే మురళి వైపు తిరిగి, “ఏంది ఇది? ఒకటి ఒరిజినల్, ఒకటి డూప్లికేటా?” అన్నారు.

నాకైతే రెండూ ఒకేలా వినిపించాయి. షమీమ్ గారు కూడా తనకేమీ తేడా తెలియలేదన్నారు. కానీ మురళి ముఖంలో రంగు మారింది. అది నేను చూశాను. నిర్దోషి ముఖం అలా మారదు.

టార్చి వేసి ఎడమ స్పీకరు దగ్గర కూర్చున్నాను. రిబ్బన్ పట్టీ ఉండే ట్వీటరు భాగాన్ని బిగించిన స్క్రూల తలల మీద గీతలున్నాయి. కుడిదాని స్క్రూలు కొత్తవిలా నున్నగా ఉన్నాయి. ఇది ఎవరు విప్పారని అడిగాను. కంపెనీ నుంచి అలాగే వచ్చిందన్నాడు. సరుకు అతనిది కనుక, అతని అనుమతి అడిగి విప్పాను. ఇవ్వనంటే ఆ మాటే రాసుకుంటానని చెప్పాక ఒప్పుకున్నాడు. లోపల పట్టీ మెరుపు వేరు. బిగింపు దగ్గర కొత్త చేతిపని తెలుస్తోంది. అప్పుడు నిజం చెప్పాడు. ఆ జతను చెన్నైలో సముద్రం ఒడ్డున ఒకరింట్లో పరీక్షకు పెట్టినప్పుడు గాలికి ఎడమ పట్టీ చిరిగింది. మార్చి, కొత్త జతగా ఇక్కడికి తెచ్చాడు.

“ఒట్టు మేడం, ఒరిజినల్ రిబ్బనే వేయించినాను. చెప్తే కొనరని భయపడినాను, అంతే.”

సత్తార్ గారు ఫోను తీసి వీడియో పట్టడం మొదలుపెట్టారు. ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుందట, అందులో పెడతానన్నారు. పోలీసు కేసు పెడతానన్నారు. “మీటర్లు, మిషన్లు ఏమీ వద్దు. నేను చెవులతో పట్టినా!” అని షమీమ్ గారితో గర్వంగా అన్నారు. నిజమే, పట్టుకున్నారు. అక్కడితో ఆ పరిశీలన ముగించి, రిబ్బన్ జతను తిరస్కరిస్తూ రాసి సంతకం పెట్టి ఉంటే, నన్ను తప్పు పట్టేవాళ్ళెవరూ ఉండేవారు కాదు.

కానీ పద్ధతి ప్రకారం కొలతలు మిగిలాయి. వినే కుర్చీలో, మనిషి తల ఉండే ఎత్తులో మైకు పెట్టి, ఎడమ కుడి స్పీకర్లను విడివిడిగా కొలిచాను. ల్యాప్‌టాప్‌లో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మరమ్మతు శుభ్రంగా చేశారు. మురళి దాచింది తప్పే. కానీ దాచినదానివల్ల శబ్దంలో వెంట్రుకవాసి తేడా కూడా లేదు.

మరి ఈయనకు వినిపించిందేమిటి?

అప్పుడు నా అనుమానం సత్తార్ గారి మీదికి మళ్ళింది. ఆ పట్టీ చిరిగిన సంగతి ఈయనకు చెన్నైలో ఎవరో ముందే చెప్పి ఉండాలి, ధర తగ్గించుకోవడానికి నా ఎదుట నాటకమాడుతున్నారు అనుకున్నాను. అలాంటివాళ్ళను చూశాను. తర్వాత నా మీద నాకే అనుమానం వచ్చింది. మా ఉద్యోగంలో ఏడాదికోసారి చెవుల పరీక్ష తప్పనిసరి. నాది ఎప్పుడూ బాగానే వచ్చేది. అయినా వయసు వయసే. కొలతా ఫిర్యాదూ పొసగనప్పుడు మా వృత్తిలో చేసే పని ఒక్కటే. ఒక్కొక్క వస్తువునూ చోటు మార్చి, తప్పు దేని వెంట నడుస్తుందో చూడాలి.

ఆంప్లిఫయరు దగ్గర వైర్లు అటూ ఇటూ మార్చాను. ఎడమదే చచ్చిందన్నారు. వైర్లు యథాస్థానంలో పెట్టి, నేనూ మురళీ కలిసి స్పీకర్లనే ఎత్తి చోటు మార్చాం. అంటే ఆయన మెచ్చుకున్న స్పీకరు ఇప్పుడు ఎడమన ఉంది. ఆ సంగతి తెలియకుండా మళ్ళీ గుడ్డ కట్టి వినిపించాను. ఎడమదే అన్నారు. నాటకమాడేవాడైతే ఇక్కడ తడబడాలి. ఆయన తడబడలేదు. నిజంగా చిరాకు పడుతున్నారు. ఇక మిగిలింది గది. గది సంగతి తేల్చడానికి, కుర్చీని వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చోమన్నాను. గది తప్పయితే, ఆయన ఎటు తిరిగినా చచ్చిన శబ్దం ఆ మూల నుంచే రావాలి.

వీణ మళ్ళీ మోగింది. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి, భుజం మీదుగా వెనక్కి చూపించారు.

“ఇప్పుడు ఈ పక్కది.”

ఆయన చూపించింది ఇందాకటి నుంచీ బాగుందంటున్న వైపు. మనిషితో పాటు తప్పూ తిరిగింది. నేను పాట ఆపి, మామూలు గొంతుతో ఆ మాట చెప్పాను.

“మీరు మళ్ళా వైర్లు మార్చినారు” అన్నారాయన లేస్తూ.

“ఎవరూ ఏమీ మార్చలేదు. నేను చూస్తానే ఉండా” అన్నారు షమీమ్ గారు సోఫాలోంచి.

ఆయన ఆమె వైపు చూసిన చూపులో, ఈమె కూడా వాళ్ళలో కలిసిందా అన్న ప్రశ్న ఉంది. నేను చుట్టు తిప్పకుండా చెప్పాను. “సత్తార్ గారూ, నేను డాక్టర్ని కాను. కానీ స్పీకర్లలో తేడా లేదు, గదిలో లేదు. నెల్లూరులో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళి రెండు చెవులూ విడివిడిగా పరీక్ష చేయించుకోండి.”

“నా చెవులకేం మేడం? ఇందాక దొంగను పట్టింది ఈ చెవులే కదా. మీరిద్దరూ చెన్నై నుంచే వచ్చినారు. మురళి ఎంత ఇస్తానన్నాడు మీకు?”

సర్వీసులో ఆ మాట నా ముఖం మీద అన్నవాళ్ళు ఆయనకు ముందు లేరు, తర్వాత లేరు. సామాను సర్దుకున్నాను. మురళి తన వ్యానులో నెల్లూరులో దింపుతానన్నాడు. వద్దని, టాక్సీ కోసం గేటు బయట నిలబడ్డాను. గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్న మోత తప్ప ఆ చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు.

షమీమ్ గారు నా వెనకే వచ్చారు. “ఆయన మాటలకు ఏమీ అనుకోబాక అక్కా” అని మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకొచ్చారు. కొన్నాళ్ళుగా ఫోను ఎప్పుడూ కుడిచెవికే పెట్టుకుంటున్నారు. నమాజులో వంగి లేచేటప్పుడు ఒక్కోసారి తూలి గోడ పట్టుకుంటున్నారు. బీపీ అనుకున్నారట. ఆమె చెల్లెలి కొడుకు రఫీ చాలాకాలంగా దుకాణం చూసుకునేవాడు. ఎడంపక్క కూర్చుని తనకు వినపడకుండా ఏదో గొణుగుతున్నాడని, తన మీద కుట్ర చేస్తున్నాడని అతన్ని పంపించేశారు.

“పిల్లోడు ఏడ్చినాడక్కా. ఏం గొణిగినానో చెప్పండి పెద్దనాన్నా అని అడిగినాడు. ఈయన దానికి కూడా, చూడు ఇప్పుడు కూడా గొణగతా ఉండాడు అన్నాడు.”

ఒక పక్క చెవి మాత్రమే తగ్గడం, దానికి తూలడం తోడవడం మంచిది కాదని నాకు తెలుసు. మా వార్షిక పరీక్షలు చేసే డాక్టరు ఆ సంగతి చాలాసార్లు చెప్పేవారు. ఆలస్యం చేయవద్దని, ఎలాగైనా తీసుకెళ్ళమని ఆమెకు చెప్పాను. అంతకు మించి నా అధికారంలో ఏమీ లేదు. మా నివేదికల్లో సామగ్రి గురించే రాయాలి, వినేవాళ్ళ శరీరం గురించి ఒక్క ముక్క రాయకూడదు. అది నియమం.

నివేదిక అలాగే రాశాను. రెండు జతలూ పని తీరులో సరిగ్గా ఉన్నాయని, ఎడమ రిబ్బన్ మార్చిన విషయం డీలరు దాచాడని, అది ఆక్షేపణీయమని, కిటికీలు సముద్రానికి తెరుచుకునే ఆ ఇంటికి ప్లేనారే తగినదని రాశాను. వినేవారి అభిప్రాయం రాయాల్సిన చోట ఆయన అన్న మాటలే రాశాను, కుర్చీ తిప్పాక అన్నదానితో సహా. వ్యాఖ్య చేర్చలేదు.

వారం తిరక్కుండా మా చీఫ్ నన్ను పిలిచారు. నేను డీలరుతో కుమ్మక్కై వినియోగదారుడికి చెవుడని నింద వేశానని సత్తార్ గారు ఫిర్యాదు పంపారు. విచారణ తేలేదాకా నన్ను బయటి పనులకు పంపరని, రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని చెప్పారు. రిటైరయ్యే ముందు అది చిన్న సంగతి కాదు. అంతవరకూ నాతో కలిసి టీ తాగిన సహోద్యోగులు కొందరు, మురళి ఎవరు, ఎలాంటివాడు అని ఏమీ తెలియనట్టు అడగడం మొదలుపెట్టారు. వాళ్ళను తప్పు పట్టను. ఆ చోట నేనున్నా అడిగేదాన్ని.

సంజాయిషీ ఇచ్చి ఎదురు చూస్తుండగా షమీమ్ గారు ఫోన్ చేశారు. ఆమె ఎంత బతిమాలినా ఆయన డాక్టరు దగ్గరికి కదలలేదు. చివరికి తానే వెళ్ళారు, ఆమె మాట విని కాదు. తన రెండు చెవులూ బాగున్నాయని డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించి, నా మీద పెట్టిన ఫిర్యాదుకు జత చేయాలని వెళ్ళారు. నేను అబద్ధమాడానని నిరూపించడానికి.

డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఎడమ చెవి చాలావరకు పోయిందని చెప్పి, తలకు స్కాన్ రాశారు. సత్తార్ గారు ఆ డాక్టర్నీ నమ్మక, ఇంకోచోట మళ్ళీ పరీక్ష చేయించుకున్నారు. అక్కడా అదే వచ్చింది. స్కానులో ఎడమ చెవి నరం మీద గడ్డ కనబడింది. క్యాన్సరు కాదు. కానీ ఊరుకుంటే పెరిగి మెదడును నొక్కే రకం. చెన్నైలో ఆపరేషన్ చేశారు. ప్రాణానికి ప్రమాదం తప్పింది. ఎడమ చెవి మాత్రం పూర్తిగా పోయింది. పోతుందని సర్జను ముందే చెప్పారట.

ఆసుపత్రికి నేను వెళ్ళలేదు. విచారణ ఇంకా కాగితం మీద నడుస్తుండగా ఫిర్యాదు చేసినాయన్ను కలవడం నియమాలకు విరుద్ధం. ఇంటికి వెళ్ళాక ఆయనే ఫోన్ చేశారు.

“మేడం, కంప్లైంటు వెనక్కి తీసుకున్నా. మిమ్మల్ని ఆ మాట అని ఉండకూడదు.” ఆ వెంటనే, “అయినా మురళి దాచింది దాచిందే. దాంట్లో మాత్రం నేను తగ్గను” అన్నారు.

తగ్గనక్కర్లేదని చెప్పాను. అప్పుడు అసలు సంగతి అడిగారు. ఒక్క చెవితో వినేవాడికి రిబ్బన్ మంచిదా, ప్లేనార్ మంచిదా?

వినేవాళ్ళు ఆ ప్రశ్న అడగడం నాకు అదే మొదటిసారి. ఆలోచించే చెప్పాను. పాడేవాళ్ళు ఎడమన ఉన్నారా, కుడిన ఉన్నారా అన్నది ఇక ఆయనకు తెలియదు. దాని కోసం ఖర్చు పెట్టడం వృథా. రెండు వైపుల సంగీతాన్నీ ఒకటిగా కలిపి మోగిస్తే, ఒక పక్క ఉన్న వాద్యం తప్పిపోకుండా చెవిన పడుతుంది. అలా వినడానికి గది నిండా పరుచుకునే ప్లేనారే నయం. ఉప్పుగాలికి కూడా అదే కాస్త ఓర్చుకుంటుంది. మధ్యాహ్నం గాలి లేచాక మాత్రం కిటికీలు మూసి, స్పీకర్ల మీద గుడ్డ కప్పాలి.

ఆయన అంతా విని, ఇదే ప్రశ్న మరో ఇద్దరిని కూడా అడిగానని చెప్పారు. వాళ్ళేమన్నారో చెప్పలేదు. ప్లేనార్ జతే కొన్నారు, మురళి దగ్గర కాదు. రఫీ మళ్ళీ దుకాణానికి వస్తున్నాడనీ, కుడిపక్క కూర్చుంటున్నాడనీ షమీమ్ గారు తర్వాతెప్పుడో చెప్పారు. వాళ్ళిద్దరి మధ్య మునుపటి చనువు మాత్రం పూర్తిగా రాలేదట.

ఆఫీసులో విచారణ మూసేశారు. మూసేస్తూ చీఫ్ నన్నొక ప్రశ్న అడిగారు. మార్చిన రిబ్బన్ దొరికాక కూడా ఎందుకు ఆగలేదని. ఫిర్యాదు ఒకటి చెబుతోంది, కొలత ఇంకొకటి చెబుతోంది, దొరికిన తప్పు ఈ రెంటినీ కలపలేదు, అందుకే ఆగలేదని చెప్పాను. ఆ రోజు ఆ హాల్లో ప్రతి ఒక్కరి అనుమానానికీ ఎంతో కొంత ఆధారం ఉంది. మురళి నిజంగానే దాచాడు. సత్తార్ గారికి నిజంగానే ఎడమ పక్క వినపడలేదు. అనుమానం ఏదో ఒక తప్పును బయటికి తీస్తుంది. అది మనం వెతుకుతున్న తప్పే కావాలని లేదు. దొరికినదాంతో సరిపెట్టుకుంటే అసలుది అక్కడే ఉండిపోతుంది. వినేవాడు కారణం తప్పుగా చెప్పినా, వినిపించలేదన్న మాటను మాత్రం కొట్టిపారేయకూడదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను చేసిన ప్రతి పరిశీలనలోనూ, వినేవాళ్ళను ఒకసారి వెనక్కి తిరిగి కూర్చోమనేదాన్ని. ఎందుకని అడిగితే, అది పద్ధతి అని చెప్పేదాన్ని.